ఆగిన తెరకు పంచనామా

జిల్లా ఉపాధి కార్యాలయానికి కంప్యూటరు వచ్చిన ఏడాదికి, దాని వెనకాలే టేపు యంత్రం వచ్చింది. ఇటుకంత పెట్టె. కంప్యూటరులో ఉన్న నిరుద్యోగుల పేర్లన్నీ రోజూ ఒక టేపు మీదికి ఎక్కించి దాచడం దాని పని. కంప్యూటరుకు ఏదైనా జరిగినా నిరుద్యోగులు మాత్రం చెక్కుచెదరకుండా ఉండాలని డైరెక్టరేటు వారి కోరిక. ఆ కోరికను తప్పు పట్టడానికి లేదు. ఇన్నేళ్లుగా అందరూ వాళ్లను అలాగే కాపాడుకుంటూ వస్తున్నారు.

యంత్రంతో పాటు ఒక ఉత్తరువు కూడా వచ్చింది. "ప్రతి దినము ఉదయము 11 గంటలకు, కార్యాలయాధికారి స్వయముగా ఎదుట నిలిచియుండగా, సమాచారమును టేపుపై జాగ్రత్తపరచవలెను." ఇలాంటి పని ఆఫీసు మూశాక చేస్తే కంప్యూటరుకు సుఖమని ఆపరేటరు వనజాక్షి అంది. ఆఫీసు మూశాక అధికారి ఎదుట నిలిచి ఉండరు కదా అని సూపరింటెండెంటు సుదర్శనం గారు అన్నారు. అదీ నిజమే. ఆఫీసు తెరిచి ఉన్నప్పుడు ఉండేదే అంతంతమాత్రం.

వనజాక్షి ఆ ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగి. వయసు ముప్పయ్యేళ్లు దాటింది. విచిత్రమేమిటంటే ఆమె కూడా ఆ కంప్యూటరులో ఉన్న నిరుద్యోగుల్లో ఒకతె. పదకొండేళ్ల కిందట పేరు నమోదు చేయించుకుంది. పర్మనెంటు ఉద్యోగం ఎప్పుడు పడినా సీనియారిటీని బట్టి పేర్లు పంపుతారు కనుక, ఆ పదకొండేళ్లే ఆమె ఆస్తి. మూడేళ్లకోసారి కార్డు రెన్యూవల్ చేయించుకోవాలి. ఒక్కరోజు దాటిందా, పదకొండేళ్లూ గాలికి పోయి, నిన్న ఇంటర్ పాసైన వాడి వెనకాల నిలబడాలి. ఈసారి ఆమె గడువు ఆ పై నెల ముప్పై ఒకటి.

టేపు యంత్రం పెట్టిన మొదటి రోజు, పదకొండు గంటలా పది నిమిషాలకు కంప్యూటరు బిగుసుకుపోయింది. తెర మీద ఉన్నది ఉన్నట్టే ఉంది. మీటలు నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. వనజాక్షి ఇలాంటివి చూసిందే. ఒకసారి ఆపి మళ్లీ వేస్తే సరిపోతుంది. ఆమె వేలు మీట దాకా వెళ్లింది.

"ఆగమ్మా ఆగు!" అని సుదర్శనం గారు కేకేశారు. "ఆపితే ఆ తెర మీద ఉన్నదేమవుతుంది?"

"పోతుందండీ. ఇంకా సేవ్ అవ్వలేదు కదా. మళ్లీ కొట్టుకుంటాను."

"పోతుందా? ప్రభుత్వ రికార్డు పోతుందని ఎంత తేలిగ్గా అంటున్నావమ్మా! చెదలు తిన్న కాగితం తీసేయాలన్నా కమిటీ వేసి, తీర్మానం చేసి, అప్పుడు తగలబెడతాం. నువ్వేమో ఒక్క వేలితో ధ్వంసం చేసేస్తానంటున్నావు."

విషయం ఉపాధి అధికారి మార్తాండరావు గారి దాకా వెళ్లింది. ఆయన రెవెన్యూ శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చినవారు. పాతికేళ్ల సర్వీసులో కూలిన చెట్లకూ, కాలిన గడ్డివాములకూ, కాలవలో కొట్టుకొచ్చిన గేదెలకూ పంచనామాలు రాయించిన చెయ్యి. ఈ ఆఫీసుకు వచ్చాక ఆ చేతికి పని లేక ఆయన చిక్కిపోయారు. ఆగిపోయిన తెరను చూడగానే ముఖంలోకి కళ వచ్చింది.

"ఇందులో ఆలోచించేదేముందయ్యా? పోబోయే రికార్డుకు పంచనామా రాయించు. ఏముందో అంతా కాగితం మీదికి ఎక్కించు. అయిదుగురు మధ్యవర్తుల చేత సంతకాలు పెట్టించు. అప్పుడు ఆపుకోండి, ఎవరు కాదంటారు?"

మధ్యవర్తులు స్థానికులు, గౌరవనీయులు అయి ఉండాలి. కిటికీ బయట క్యూలో ముప్పై మంది స్థానికులున్నారు. గౌరవం దగ్గరే సుదర్శనం గారికి సందేహం వచ్చింది.

"వాళ్లకు ఉద్యోగాల్లేవు కదండీ. గౌరవనీయులెలా అవుతారు?"

"మన రికార్డులో పేరుందా లేదా? ప్రభుత్వ రికార్డుకెక్కిన వాడు గౌరవనీయుడే," అని మార్తాండరావు గారు తేల్చేశారు.

ఇద్దరు ఎం.ఏ.లు, ఒక ఎం.కాం., ఒక బి.ఇడి., ఒక డిప్లొమా లోపలికి వచ్చి వరసగా నిలబడ్డారు. అధికారి చెబుతుంటే సుదర్శనం గారు రాశారు.

"దిగువ సంతకములు చేసిన అయిదుగురు మధ్యవర్తులమగు మేము, ఉపాధి అధికారి వారు పిలువగా వచ్చి చూడగా, మూడవ నంబరు గదిలో తూర్పు ముఖముగా కూర్చుండబెట్టబడిన కంప్యూటరు నిశ్చేష్టముగా ఉన్నది. తెర నీలము రంగు. ఎడమ అంచు నుండి మూడంగుళముల దూరమున ఒక బాణపు గుర్తు కదలక యున్నది. మీటలు నొక్కిననూ పలుకలేదు. పైకి గాయములేవియు కానరావు. కంప్యూటరుకు ఎవరితోను పూర్వ విరోధములు లేవని ఆపరేటరు చెప్పగా విన్నాము."

సంతకాలయ్యేసరికి మూడయింది. అప్పుడు కంప్యూటరును ఆపి మళ్లీ వేశారు. మర్నాడు పదకొండూ పదికి అది మళ్లీ ఆగింది. ఆ మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి ఆఫీసుకు ఒక పద్ధతి ఏర్పడింది. పదిన్నర నుంచి పదకొండు దాకా ఉద్యోగం లేనివాళ్ల పని, పదకొండు నుంచి మూడు దాకా పంచనామా, మూడు నుంచి అయిదు దాకా మళ్లీ ఉద్యోగం లేనివాళ్ల పని. మధ్యలో భోజనాలు. మొదటి రోజు వచ్చిన అయిదుగురూ బాగా ఆరితేరారు. బాణపు గుర్తును చూసి దూరం కంటితోనే చెప్పేవారు. నెల నిండకుండానే తమకు అనుభవ ధ్రువపత్రం కావాలని అర్జీ పెట్టుకున్నారు. కాదనడానికి ఆధారం దొరకలేదు. కార్డుల మీద "మధ్యవర్తిత్వములో అనుభవజ్ఞులు" అని ఎర్ర సిరాతో రాసిచ్చారు.

ఇంతలో ఒక మంగళవారం పై ఊరి నుంచి ఎవరో పెద్దమనిషి వచ్చారు. ఆయనకు టీ పెట్టడానికి అటెండరు యాకోబు కరెంటు కెటిల్ తెచ్చి, ఖాళీ ప్లగ్గు కనపడక, టేపు యంత్రం ప్లగ్గు పీకి దాన్ని పెట్టాడు. మళ్లీ పెట్టడం మరిచిపోయాడు. ఆ రోజు కంప్యూటరు సాయంత్రం దాకా ఆగకుండా పనిచేసింది. మధ్యవర్తులు అయిదుగురూ నాలుగింటి దాకా చూసి, నిరాశగా ఇళ్లకు వెళ్లిపోయారు.

వనజాక్షికి విషయం అర్థమైపోయింది. మర్నాడే నోట్ పెట్టింది. టేపు యంత్రం వల్లనే కంప్యూటరు ఆగిపోతోంది, దాన్ని తీసేస్తే పని సాగుతుంది, నిన్న సాగింది. నాలుగు ముక్కలు. దానికి మార్తాండరావు గారు రెండు పేజీల సమాధానం రాశారు.

"కంప్యూటరు ఆగిపోయినచో సమాచారము పోకుండుటకే టేపు యంత్రము ఇవ్వబడినది. కంప్యూటరు ప్రతిదినము ఆగిపోవుచున్నది. కావున టేపు యంత్రము యొక్క ఆవశ్యకత ప్రతిదినము రుజువగుచున్నది. ఇట్టి తరుణములో దానిని తీసివేయుమనుట బాధ్యతారాహిత్యము. ఇకపై టేపు యంత్రపు ప్లగ్గును ముట్టుకొన్న కాంట్రాక్టు సిబ్బంది కాంట్రాక్టు రద్దగును."

చదివి వనజాక్షి తల పట్టుకుంది. "ఏంటి బాబాయ్ ఇది?" అని యాకోబుతో అంది.

యాకోబుకు అక్కడ ఇరవై రెండేళ్ల సర్వీసు. "నీకెందుకమ్మా? నువ్వు తప్పు పట్టుకున్నావు. ఇక్కడ తప్పు పట్టుకున్నోళ్లకే తప్పు అంటుకుంటది," అన్నాడు. "కాంట్రాక్టు సిబ్బంది అన్నారు కాబట్టి నేను ముట్టుకోవచ్చు. కానీ నేను ముట్టుకోవాలంటే ఎవరో ఒకరు టీ తాగాలి."

అయినా ఆమె ఊరుకోలేదు. పట్టువదలకుండా రాయగా రాయగా డైరెక్టరేటు నుంచి ఫణీంద్ర అనే ఇంజనీరు దిగాడు. పెట్టె వెనక వైర్లు చూసి, చెయ్యి పెట్టి తడిమి, అయిదు నిమిషాల్లో లేచాడు.

"ఏం లేదండీ. కంప్యూటరు లోపలి డిస్కుకూ, ఈ టేపుకూ ఒకే నంబరు పెట్టేశారు. ఒకే డోరు నంబరుతో రెండు ఇళ్లుంటే పోస్టుమ్యాన్ వీధిలో నిలబడిపోడూ? ఇదీ అంతే. ఒకదాని నంబరు మార్చేస్తే అయిపోతుంది. వెనకాల చిన్న మీట. స్క్రూడ్రైవరుందా?"

వనజాక్షి ప్రాణం లేచొచ్చింది. యాకోబు స్క్రూడ్రైవరు కోసం పరిగెత్తాడు. మార్తాండరావు గారు చెయ్యెత్తి ఇద్దరినీ ఆపారు.

"దేని నంబరు మారుస్తారు?"

"ఏదైనా ఒకటేనండీ."

"ఒకటెలా అవుతుందండీ? ఇది ఉపాధి కార్యాలయం. ఇద్దరికి ఒకే నంబరు పడితే ఎవరు సీనియరో తేల్చి, జూనియరుకు కొత్త నంబరు ఇవ్వాలి. సీనియరు నంబరు ముట్టుకుంటే రేపు ఎవరైనా కోర్టుకెక్కుతారు."

"వీటిల్లో సీనియరేంటండీ?" అన్నాడు ఫణీంద్ర.

దానికి సుదర్శనం గారు స్టాకు రిజిస్టరు తెచ్చి చూపించారు. కంప్యూటరు ముందు వచ్చింది కనుక అది సీనియరు. అయితే టేపు యంత్రం మంజూరు ఉత్తరువు తేదీ కంప్యూటరు కంటే నాలుగు నెలలు ముందుంది, రావడమే ఆలస్యమైంది. మంజూరు తేదీ చూడాలా, చేరిన తేదీ చూడాలా? ఈ ప్రశ్న మీద మనుషులకే పన్నెండేళ్లుగా కేసులు నడుస్తున్నాయి. పెట్టెల విషయంలో తొందరపడకూడదని అధికారి, సూపరింటెండెంటు ఏకాభిప్రాయానికి వచ్చారు. తాత్కాలిక సీనియారిటీ జాబితా తయారు చేసి నోటీసు బోర్డు మీద అంటించారు. ఒకటి, కంప్యూటరు. రెండు, టేపు యంత్రము. అభ్యంతరములున్నవారు ముప్పది దినములలో తెలుపుకొనవచ్చును. ఫణీంద్ర ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, నాలుగింటి బస్సుకు వెళ్లిపోయాడు.

అభ్యంతరాల గడువులోపలే ముప్పై ఒకటో తేదీ వచ్చింది.

వనజాక్షి అశ్రద్ధ చేసిన మనిషి కాదు. నెల మొదట్నుంచీ అడుగుతూనే ఉంది. ముందు పబ్లిక్‌ది కానివ్వమ్మా, సొంత మనుషులం మనకేం తొందర అని సుదర్శనం గారు రోజూ అన్నారు. రోజుకు రెండున్నర గంటల పనిలో క్యూ ఎప్పుడు తరిగింది కనుక? చివరి రోజు పదిన్నరకు ఆమె తన కార్డు తానే తీసి కొట్టబోతుంటే మార్తాండరావు గారు చూశారు.

"నీ రికార్డు నువ్వే దిద్దుకుంటావా? రేపు ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలి? బయటికెళ్లి అభ్యర్థిలాగా క్యూలో నిలబడు."

"మరి లోపల కొట్టేదెవరండీ?"

"సుదర్శనం కొడతాడు."

సుదర్శనం గారు ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. జేబులోంచి కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, చూపుడు వేలు చాచారు. క్యూలో ఉన్న మధ్యవర్తులు "మీరు ముందుకు రండక్కా" అని దారిచ్చారు. వనజాక్షి కిటికీ ఇవతల నుంచి చెప్పడం మొదలుపెట్టింది.

"వి నొక్కండి సార్. కింది వరసలో ఉంటుంది."

"కింది వరసలో చాలా ఉన్నాయి కదమ్మా."

ఇంటిపేరయ్యేసరికి పదీ నలభై రెండు. పేరయ్యేసరికి పదీ యాభై అయిదు. తండ్రి పేరు సత్యనారాయణ మూర్తి. ఆ నాన్న మీద వనజాక్షికి జన్మలో మొదటిసారి కోపం వచ్చింది. పదకొండు కాగానే మార్తాండరావు గారు వచ్చి టేపు యంత్రం ఎదుట స్వయంగా నిలిచారు. టేపు గిర్రున తిరగడం మొదలైంది.

"సార్, మీ కాళ్లు పట్టుకుంటాను. ఒక్క పది నిమిషాలు టేపు ఆపించండి సార్. ఇవాళ దాటితే నా పదకొండేళ్లు పోతాయి సార్."

"భద్రతను ఆపమంటున్నావా? నీ రికార్డు భద్రత కోసమే కదమ్మా ఇదంతా!"

పదకొండూ తొమ్మిదికి తేదీ కొట్టడం అయింది. కిందికి చూసి, వెతికి, సుదర్శనం గారు సేవ్ మీట నొక్కారు. కంప్యూటరు అప్పటికే బిగుసుకుపోయింది. తెర మీద వనజాక్షి పేరు, నంబరు, ముప్పై ఒకటో తేదీ, అన్నీ కనిపిస్తున్నాయి. కానీ ఏదీ నమోదు కాలేదు.

"పిలవండి మధ్యవర్తులను," అన్నారు మార్తాండరావు గారు.

అంతకు ముందెప్పుడూ తెర నిండా అన్ని అక్షరాలు లేవు. అన్నీ రాయాలి. ఒంటిగంట దాటేసరికి సగమైంది. అప్పుడు కరెంటు పోయింది. ఆ వేసవిలో రోజూ పోయేదే. బ్యాటరీ ఇరవై నిమిషాలు నిలబెడుతుంది. తర్వాత తెర ఆరిపోతుంది, పంచనామా సగంలో ఉంది. సగం పంచనామా అయ్యాక వస్తువు మాయమైతే అంతకన్నా నేరం లేదు. యాకోబు సైకిలేసుకుని ఎదురు బజారు షామియానా షాపుకు పోయి, పెళ్లిళ్లకిచ్చే జనరేటరును రిక్షాలో తెచ్చాడు. వరండాలో అది డబడబా మోగుతుంటే, ఆగిపోయిన కంప్యూటరు ఆగిపోయినట్టే నిరాటంకంగా నడిచింది. ఫ్యాన్లు తిరగలేదు. అధికారి చొక్కా తడిసి ముద్దయింది. అయినా కదల్లేదు. అంతటి కర్తవ్యదీక్ష చూస్తే ఎవరికైనా ఏడుపొస్తుంది. వనజాక్షికి వచ్చింది.

నాలుగున్నరకు సంతకాలయ్యాయి. "ఇక ఆపి మళ్లీ వెయ్యండి సార్, అరగంటలో నేను చెప్తాను, మీరు కొట్టండి," అంది కిటికీలోంచి.

మార్తాండరావు గారు పంచనామా మడిచారు. "ఇవాళ్టిది మామూలు తెర కాదమ్మా. ఒక అభ్యర్థి రికార్డు మొత్తం ఉంది. దీన్ని ఆపాలంటే డైరెక్టరేటు అనుమతి కావాలి. రేపు ఫ్యాక్సు పెడతాను."

"రేపు ఒకటో తేదీ సార్!"

"అవును. ఒకటో తేదీ వేసే పెడతాను."

పదకొండేళ్లలో వనజాక్షి ఎన్ని బస్సులెక్కింది, ఎన్ని ఫారాలు నింపింది, ఎన్ని చోట్ల కూర్చుని లేచి వచ్చింది, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. పక్క తలుపు తోసుకుని గదిలోకి వచ్చింది. ఎవరు ఏమనేలోపలే వంగి, టేపు యంత్రం ప్లగ్గు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

టేపు ఆగింది. కంప్యూటరు ఉలిక్కిపడి లేచింది. పొద్దున సుదర్శనం గారు నొక్కిన మీట సంగతి దానికప్పుడు గుర్తొచ్చింది. తెర మీద ఒక వరస వెలిగింది. రికార్డు సేవ్ అయినది. సమయం 4.47.

మధ్యవర్తుల్లో బి.ఇడి. అతను చప్పట్లు కొట్టబోయి, తాను సంతకం చేశానన్న సంగతి గుర్తొచ్చి మానేశాడు.

"ఎంత పని చేశావమ్మా!" అన్నారు మార్తాండరావు గారు నీరసంగా. "నిశ్చేష్టముగా ఉన్నదని ఇప్పుడే రాశాం కదా!"

మర్నాడు మెమో వచ్చింది. "పై అధికారుల అనుమతి లేకుండ, విధివిహితముగా ఆగియున్న ప్రభుత్వ కంప్యూటరును పనిచేయించినందుకు మీ కాంట్రాక్టు రద్దు చేయడమైనది." ఆ రెన్యూవల్ కూడా కొట్టేయాలని అధికారి అనుకున్నారు. కానీ పంచనామాలో పద్నాలుగో వరసలో ఆ రెన్యూవల్ ముప్పై ఒకటో తేదీతో సహా ఎక్కింది, కింద ఆయన సంతకం ఉంది. కొట్టేస్తే పంచనామా అబద్ధమవుతుంది. పాతికేళ్ల సర్వీసులో ఆయన పంచనామా ఒక్కటీ అబద్ధం కాలేదు. అలా పదకొండేళ్లూ బతికిపోయాయి, ఉద్యోగం పోయింది.

రెండు నెలలకు డైరెక్టరేటు ఆ ఆఫీసుకు ఒక పర్మనెంటు ఆపరేటరు పోస్టు మంజూరు చేసింది. సీనియారిటీ ప్రకారం పేర్లు తీయమన్నారు. జాబితాలో మొదటి పేరు వనజాక్షిది. ఇంటర్వ్యూకు వెళితే బల్ల అవతల మార్తాండరావు గారు, సుదర్శనం గారు, డైరెక్టరేటు నుంచి ఒక దొరగారు కూర్చుని ఉన్నారు. ముగ్గురూ ఆమెను ఇదివరకెన్నడూ చూడనట్టే నమస్కారాలు అందుకున్నారు.

"ఒకటే ప్రశ్న," అన్నారు మార్తాండరావు గారు. "పని మధ్యలో కంప్యూటరు ఆగిపోయింది. ఏం చేస్తారు?"

వనజాక్షికి జవాబు తెలుసు. ఆ జవాబు బల్ల వెనక గోడ దగ్గర, ప్లగ్గులో ఉంది. సుదర్శనం గారు కళ్లజోడు పైనుంచి ఆమె వంక బతిమాలుతున్నట్టు చూస్తున్నారు. ఆయన వేలికి రెండు నెలలుగా విశ్రాంతి లేదు.

"పంచనామా రాయిస్తానండి," అంది.

దొరగారు తల పంకించి ఏదో రాసుకున్నారు. ఆ మాట అన్నందుకు వనజాక్షికి సిగ్గేసింది. బయటికి వచ్చి, ఉద్యోగం వచ్చిందని యాకోబు చెప్పగానే, సిగ్గు వదిలేసి బావురుమంది.

చేరిన రోజు చూస్తే అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. సీనియారిటీ జాబితా నోటీసు బోర్డు మీద ఎండకు వెలిసిపోతోంది. ఒక అభ్యంతరం వచ్చిందట, పరిశీలనలో ఉంది. పదకొండుకు అధికారి వచ్చి టేపు యంత్రం ఎదుట నిలిచారు. యాకోబు కెటిల్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"సార్‌కు టీ పెట్టమంటావా అమ్మా?" అని అడిగాడు, ప్లగ్గు వంక చూస్తూ.

వనజాక్షి తెర మీంచి తల ఎత్తకుండానే అంది. "రోజూ ఈ టైముకే పెట్టు బాబాయ్. గంటలకొద్దీ పాపం నిలబడే ఉంటున్నారు."

మార్తాండరావు గారు ఆ మర్యాదకు కరిగిపోయారు. కుర్చీ తెప్పించుకుని, టీ తాగి, ఎదుట ఉన్న టేపు రిజిస్టరులో "సమాచారము జాగ్రత్తపరచడమైనది" అని రాసి సంతకం పెట్టారు. ఆ రోజు కంప్యూటరు ఆగలేదు. క్యూ సాయంత్రం నాలుగింటికే అయిపోయింది. పనిలేక బయట నిలబడ్డ అయిదుగురు మధ్యవర్తులు మాత్రం, ఒకరి తర్వాత ఒకరు లోపలికి వచ్చి, తమ అనుభవానికి తగిన ఖాళీలేమైనా పడితే చెప్పమని వనజాక్షిని అడిగి వెళ్లారు.